నాయన మొక్కుబడి

ఏటా వేసవిలో చర్చివాళ్ళు జరిపే ఉజ్జీవ కూటాల్లో వరదయ్య సాక్ష్యం చెప్పడానికి వేదిక ఎక్కాడంటే, ఆడవాళ్ళ వరసలో కూర్చున్న అతని కూతురు మోనిక ఒళ్ళోని బైబిలు మూసి పక్కన పెట్టేది. కాసేపట్లో తాను లేచి నిలబడాలి.

సాక్ష్యం ఎప్పుడూ ఒకటే. తాను పుత్తూరు దగ్గర రైల్వే గేట్‌మాన్‌గా ఉన్న రోజులు, పసివాడు జయచంద్రకు మెదడువాపు జ్వరం రావడం, వేలూరు ఆసుపత్రిలో డాక్టర్లు పెదవి విరవడం, వరండాలో నేల మీద బోర్లా పడి తాను ఏడ్చిన ఏడుపు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి వరదయ్య గొంతు బొంగురుపోయేది. ‘‘ప్రభువా, నా కొడుకును నాకిచ్చేయి, నా కూతుర్ని నీకిచ్చేస్తా అన్నాను. మర్నాడు పొద్దున్నే నా బిడ్డ కండ్లు తెరిచి నీళ్ళడిగినాడు’’ అనేవాడు. తర్వాత ఆడవాళ్ళ వైపు చెయ్యి చాచి, ‘‘అదో, నేనిచ్చిన అర్పణ. లెయ్ పాపా’’ అనేవాడు.

మోనిక లేచేది. పందిరంతా హల్లెలూయాలతో దద్దరిల్లేది.

మొదటిసారి లేచినప్పుడు గౌను తొడుక్కునే పిల్ల. అంతమంది తనవైపే చూస్తుంటే గొప్పగానే అనిపించింది. ఓణీ వేసుకున్న కాలంలో సిగ్గేసింది. చీర కట్టే వయసు వచ్చాక ఒళ్ళు మండడం మొదలైంది. ఇప్పుడు పాపిట దగ్గర నెరసిన వెంట్రుకలు కనబడుతున్నా ‘లెయ్ పాపా’ మాత్రం మారలేదు.

దేవునికి ఇవ్వడమంటే ఏమిటో వరదయ్యే తేల్చాడు. బడి అయిపోగానే బైబిలు శిక్షణ, అది ముగిశాక చిత్తూరులో సంఘసేవ, పెళ్ళి ఊసు లేదు. మోనిక తల్లి ఒకే ఒక్కసారి, ‘‘బిడ్డనొక మాట అడిగినావా నువ్వు?’’ అన్నదట. దానికి వరదయ్య చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె పోయాక ఆ ప్రశ్న అడిగే మనిషి కూడా ఇంట్లో లేకుండా పోయింది. సంబంధాలతో వచ్చినవాళ్ళను వరదయ్య గడప దగ్గర నుంచే మర్యాదగా పంపించేసేవాడు. చిత్తూరులో చర్చి వెనక ఒక గది ఇచ్చారు మోనికకు. ఆదివారపు బడి, స్త్రీల కూటం, మంచాన పడ్డవాళ్ళ పరామర్శ అన్నీ ఆమెవే.

ఆ పనిలో ఆమెకు నచ్చినది ఒకటుంది, పాఠం చెప్పడం. ఒక వచనాన్ని పట్టుకుని, ఇందులో ఈ మాటే ఎందుకు పడింది, ఇంకో మాట ఎందుకు పడలేదు అని తవ్వుకుంటూ పోవడమంటే ఆమెకు ప్రాణం. అయితే బైబిలు అధ్యయనంలో ఆమె ఇలాంటి ప్రశ్న అడిగితే చాలు, ‘‘విశ్వాసంతో ఒప్పుకోవాలి సిస్టర్’’ అని పాస్టరు గుణశేఖర్ నవ్వుతూ పేజీ తిప్పేసేవాడు.

అందుకే తిరుపతిలో ఒక చిన్న ముద్రణాలయం వాళ్ళు బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథానికి ఇంగ్లీషు వ్యాఖ్యానమొకటి పంపి తెలుగు చెయ్యమన్నప్పుడు, ఆమె గది గుమ్మంలోనే నిలబడి పొట్లం విప్పేసింది.

ఆ పుస్తకంలో ప్రతి అధ్యాయం చివరా, వెయ్యేళ్ళ నాటి నుంచి అయిదారు వందల ఏళ్ళ నాటి దాకా ఉన్న యూదు పండితులు ఆ వచనాలకు ఏ అర్థం చెప్పారో వివరంగా రాశారు. మోనికకు వాళ్ళంతా కొత్తవాళ్ళు. ఒకాయన ఫ్రాన్సులో, ఇంకొకాయన స్పెయిన్‌లో, మరొకాయన ఏ ఊళ్ళోనూ నిలవక తిరుగుతూ. ‘ముందు ఈ వచనం ఉన్నదున్నట్టు ఏమంటోందో చూద్దాం’ అని ఒకరంటే, ‘పెద్దలు చెప్పుకొచ్చిన కథను పక్కనపెడితే ఎట్లా’ అని ఇంకొకరు. తాత చెప్పింది ఒకటైతే మనవడు కాదని ఇంకొకటి చెబుతాడు. అయినా అందరి మాటలూ ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చవుతాయి. ఇదేం లోకమని ఆమె ఆశ్చర్యపోయింది. దెబోరా కథ, గిద్యోను కథ చకచకా సాగిపోయాయి. యెఫ్తా దగ్గరకొచ్చేసరికి కలం ఆగింది.

ఆ కథ ఆమెకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. యెఫ్తా యుద్ధానికి పోతూ దేవునికి మొక్కుకున్నాడు, గెలిచి తిరిగొస్తే తన ఇంటి గుమ్మంలోంచి మొదట ఎదురొచ్చినది దేవునిదవుతుందని, దాన్ని బలిగా ఇస్తానని. గెలిచాడు. తంబురలు వాయించుకుంటూ, నాట్యమాడుతూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల కొంత గడువడిగి, చెలికత్తెలతో కొండల్లోకి పోయి, పెళ్ళి కాకుండానే ముగిసిపోతున్న తన బతుకును తలచుకుని ఏడ్చి, తిరిగొచ్చింది. తండ్రి మొక్కు తీర్చేశాడు. కూటాల్లో ప్రసంగీకులు మోనికను చూపిస్తూ ‘నేటి యెఫ్తా కుమార్తె’ అనేవారు. అది పొగడ్త అని వాళ్ళ ఉద్దేశం.

ఇప్పుడు ఆ పండితులు అదే కథను విప్పి చూపిస్తున్నారు. దక్షిణ ఫ్రాన్సు వైపు ఉండిన ఒక వ్యాకరణ పండితుడు, ‘ఈ అర్థం మా నాయన చెప్పాడు’ అంటూ రాశాడు. మొక్కులో ‘దేవునిదవుతుంది’ అన్న మాటకూ ‘బలిగా ఇస్తాను’ అన్న మాటకూ నడుమ హీబ్రూలో ఒకే ఒక్క అక్షరం ఉంది, సన్నటి నిలువుగీత లాంటిది. దానికి అందరూ ‘మరియు’ అని అర్థం చెబుతారు. కానీ ఆ అక్షరానికి ‘లేక’ అనే అర్థం కూడా ఉంది. బలికి తగినదైతే బలి, లేక దేవునిది. కాబట్టి యెఫ్తా కూతుర్ని చంపలేదు. ఆమెకొక ఇల్లు కట్టించి, మనుషులకూ పెళ్ళికీ దూరంగా అందులో ఉంచాడు. ఇలా ఆడవాళ్ళను మూసిపెట్టే మఠాలను క్రైస్తవులు ఈ కథ నుంచే నేర్చుకున్నారని, స్పెయిన్ నుంచి తరిమివేయబడ్డ మరో పండితుడు ఇంకాస్త దూరం పోయి అన్నాడు.

మోనిక చర్చి వెనక తన గది నాలుగు గోడలనూ ఒకసారి చూసుకుంది.

ఆ తర్వాతి పేరాలో ఇంకొకాయన ఉన్నాడు. స్పెయిన్‌లో వైద్యమూ చేసుకుంటూ శాస్త్రమూ చెప్పిన మనిషి. ఆయన ‘లేక’ దాకా కూడా పోలేదు. ఆ మొక్కే చెల్లదు పొమ్మన్నాడు. బలికి పనికిరానిదాన్ని బలిస్తానంటే ఆ మొక్కు పట్టదనీ, ఇంకొక మనిషి ప్రాణం మీద మొక్కే అధికారం ఎవరికీ లేదనీ, యెఫ్తా శాస్త్రం తెలియక పొరబడ్డాడనీ, ఆ పొరబాటుకు కూతురు బలైందనీ తేల్చాడు.

మోనికకు సంతోషం కలగలేదు. మండిపోయింది. వందల ఏళ్ళుగా మనుషులు ఇంత స్పష్టంగా మాట్లాడుకుంటూ ఉంటే, తన చెవిన ఒక్క ముక్క వెయ్యడానికి ఒక్క మనిషీ లేకపోయాడే!

* * *

ఆ మంట వెనక గిరిప్రసాద్ ఉన్నాడు. బంగారుపాళ్యం వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగి. భార్య పోయింది, పిల్లల్లేరు. చర్చికి వచ్చి ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేవాడు. తోతాపురి కాలంలో అతని చేతులు ఎంత కడిగినా పసుపుగానే ఉండేవి. ‘‘మోనిక గారూ, నేను సుట్టూ తిప్పి మాట్లాడలేను. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుండాది. మీకు ఇష్టమైతేనే మీ నాయన దగ్గరికి పోతాను’’ అని ఒకరోజు నేరుగా అడిగాడు. ఆమె సరేనంది. అతను పుత్తూరు పోయి గడప దగ్గర నుంచే తిరిగొచ్చాడు. ‘‘మీరు ఎప్పుడు చెప్తే అప్పుడు’’ అని ఊరుకున్నాడు. అలా ఊరుకుని రెండు మామిడి కాలాలు గడిచిపోయాయి.

ఈసారి మోనికే పుత్తూరు బస్సెక్కింది.

వరదయ్య వసారాలో కూర్చుని చింతపండు కొడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని ఉన్నదంతా ఓపిగ్గా చెప్పింది, ఆ అక్షరం, రెండర్థాలు, చెల్లని మొక్కు. వరదయ్య గింజలు ఏరుతూ అంతా విన్నాడు.

‘‘ఎవురు చెప్పినారు ఇదంతా?’’

‘‘పాతకాలం యూదు పండితులు, నాయనా.’’

‘‘యూదోళ్ళా? ప్రభువునే ఒప్పుకోనోళ్ళు చెప్తే మనం ఇనాల్నా?’’

‘‘ఆ పుస్తకమే వాళ్ళది కదా నాయనా. వాళ్ళ బాసలో వాళ్ళు రాసుకునింది. ఆ అచ్చరానికి అర్థం వాళ్ళకు తెలీకుంటే ఇంకెవురికి తెలుస్తాది?’’

‘‘అచ్చరాలు నాకు తెలీవు పాపా. నేను ఇస్తానన్నా, ఆయన నా కొడుకునిచ్చినాడు. ఇచ్చిందాన్ని ఎనక్కి లాక్కుంటే మనిషి జల్మమేనా అది?’’

‘‘ఇచ్చింది నన్ను. నన్నడిగినావా?’’

వరదయ్య రోకలి పక్కన పెట్టాడు. చివరికి ఒక దారి వదిలాడు. ‘‘ఇడిపించే అధికారం నాకు లేదు. సంఘ కాపరికుంటాది. నిన్ను ఒప్పజెప్పింది ఆ గుణశేఖర్ సంఘానికి గదా, ఆయప్పనే వచ్చి, వరదయ్యా, నీ మొక్కుబడి తీరిపొయ్యింది అని చెప్పమను. అప్పుడు సూస్తా.’’

‘‘నువ్వే ఒక తూరి చిత్తూరుకు రా నాయనా.’’

‘‘నేనా? ఆయప్ప గడప నేను తొక్కను.’’

కారణం మోనికకు తెలుసు. ఒక వార్షికోత్సవంలో వరదయ్య సాక్ష్యం ఎంతకీ తెమలకపోతే గుణశేఖర్ మైకు ఆపించాడు. అప్పటినుంచి వరదయ్య పుత్తూరులోనే వేరే సంఘానికి పోతున్నాడు.

ఆమె తిరిగి చిత్తూరు చేరి పాస్టరు ముందు నిలబడింది. గుణశేఖర్ ఆమెను కూర్చోబెట్టి, సానుభూతిగా తలాడించాడు.

‘‘నాకు అభ్యంతరమేముంది సిస్టర్? మీ నాయన వచ్చి సంఘం ముందర ఒక మాట అడిగితే, ప్రార్థన చేసి విడుదల చెప్తాను.’’

‘‘మీరే ఒకసారి ఇంటికొస్తే ఆయన మెత్తబడతాడు అయ్యగారూ.’’

‘‘అదెట్లా కుదురుతుందమ్మా? పాస్టరు ఇండ్లకు పోయి మొక్కుబడులు చెరిపేస్తాండాడని అంటారు. అడిగేది ఆయన ధర్మం. నేను కాపరిని, ఆయన మందలో గొర్రె.’’

ఆ గొర్రె వేరే మందలోకి పోయి ఎంతో కాలమైందని నాలుక చివరిదాకా వచ్చిన మాటను మోనిక మింగేసింది.

ఆమె మళ్ళీ పుత్తూరు పోయింది. ‘‘కాపరి గదా, తప్పిపోయిన గొర్రెను ఎతుక్కుంటా రమ్మను’’ అన్నాడు వరదయ్య. మళ్ళీ చిత్తూరు వచ్చింది. ‘‘తప్పిపోయిన కుమారుడు తనే లేచి తండ్రి దగ్గరికి నడిచొచ్చాడు కదా’’ అన్నాడు గుణశేఖర్. ఇద్దరికీ వాక్యం కొట్టినపిండి. ఇద్దరి మాటా కాదనడానికి లేదు. నడుమ ఆమె అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. బస్సులో సీటు దొరక్క కమ్మీ పట్టుకుని వేలాడుతున్నప్పుడు, ఈ ఇద్దరినీ ఒకే సీటులో కుదేసి ఘాటురోడ్డు మీద తిప్పితే బాగుండునని ఆమెకు అనిపించేది.

ఆ వారంలోనే తర్వాతి పేరా తెలుగు చెయ్యాల్సి వచ్చింది. యెఫ్తా మొక్కును విడిపించగల యాజకుడు, అంటే గుడి పూజారి, ఆ రోజుల్లోనే ఉన్నాడట. ‘నేను యాజకుణ్ణి, ఆ మొరటువాడి దగ్గరికి నేను పోవడమా’ అని ఆయన, ‘నేను సేనానిని, నేను పోయి ఆయన్ను బతిమాలడమా’ అని యెఫ్తా, ఎవరూ గడప దాటలేదు. ఇద్దరి నడుమ ఆ పిల్ల నాశనమైంది. ప్రాచీన గురువులు చెప్పుకున్న ఈ మాటను ఆ మధ్యయుగ పండితులు మళ్ళీ మళ్ళీ ఎత్తి రాశారు. తర్వాత ఇద్దరికీ శిక్షలు కూడా పడ్డాయట. మోనికకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. శిక్షలు పడితే ఏం లాభం? అప్పటికే ఆ పిల్ల లేదు.

* * *

తమ్ముడు జయచంద్ర శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరు. భార్య చాందిని, పసిపిల్లతో సత్యవేడులో కాపురం. నాయన చేత ‘ఊఁ’ అనిపించగలిగేది వాడొక్కడే అనుకుని మోనిక అక్కడికి పోయింది.

‘‘నువ్వు చేసుకో అక్కా. నేను నాయనకు చెప్తాలే’’ అన్నాడు జయచంద్ర. అనడం అన్నాడు గానీ అక్క మొహంలోకి చూడలేదు. పిల్లను ఎత్తుకుని సందులోకి పోయాడు.

చాందిని కాఫీ తెచ్చి పెట్టి ఎదురుగా కూర్చుంది.

‘‘వదినా, మీరు తప్పుగా అనుకోవద్దండి. మీ మొక్కు మీదనే కదా ఆయన బతికినాడు. మీరు పెండ్లి చేసుకున్నాక ఆయనకేమన్నా అయితే...’’

‘‘ఏమైతాది చాందినీ?’’

‘‘ఏమో వదినా. నాకు బయ్యంగా ఉండాది. ఆయనక్కూడా బయ్యమే, బయటికి చెప్పరు. మొన్న మీ సంగతి మామ ఫోన్లో చెప్పిన రోజు ఆయన అన్నం తినలేదు.’’

నాయన మొండితనం మీద కోపం తెచ్చుకోవడం మోనికకు అలవాటే. పాస్టరు పెద్దరికం మీద విసుక్కోవడమూ అలవాటే. కానీ ఇది కొత్త. తాను పెళ్ళిపీటల మీద కూర్చుంటే తమ్ముడు చచ్చిపోతాడని వాళ్ళు నమ్ముతున్నారు. ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. వాడి మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాదు, వాడి భయాన్ని కాదని ముందుకు పోవడమూ కాదు. ఏ పండితుడి మాట దీనికి పనికొస్తుంది? ‘మొక్కు చెల్లదు’ అన్న మాట పుస్తకంలో ఎంతైనా బావుంటుంది, చాందినికి అది ధైర్యం ఇవ్వదు.

‘‘డాక్టర్లు మందులిచ్చినారు చాందినీ. ఆ పొద్దు జ్వరం దిగింది’’ అంది మోనిక.

‘‘అవును వదినా’’ అంది చాందిని. నమ్మలేదు.

అయినా మోనిక ఒక ఎత్తు వేసింది. పసిపిల్లను దీవించే ప్రతిష్ఠ ప్రార్థన చిత్తూరు చర్చిలో పెట్టుకోమని తమ్ముణ్ణి ఒప్పించింది. మనవరాలి ప్రార్థనకు వరదయ్య రాక తప్పదు. ప్రార్థన చెయ్యాల్సింది గుణశేఖర్. ఇద్దరూ ఒకే కప్పు కిందికి వస్తారు. గిరిప్రసాద్‌ను కూడా రమ్మంది.

అనుకున్నట్టే ఇద్దరూ వచ్చారు. ప్రార్థన అయింది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నారు కూడా. వడ్డిస్తూ మోనిక చెవులు రిక్కించింది.

‘‘వానలు బాగా పడినట్టుండాయే మీ పక్క’’ అన్నాడు పాస్టరు.

‘‘యాడ పడినాయి? మబ్బు పట్టి ఎల్లిపాయ’’ అన్నాడు వరదయ్య.

‘‘ఈ యేడు కాయ తక్కువే అంటాండారు.’’

‘‘పూతప్పుడే గాలి కొట్టేసింది గదప్పా.’’

సాంబారు అయింది. రసం అయింది. మామిడి పూత, పిందె, కాయ, తొక్క, టెంక అన్నీ అయ్యాయి. మజ్జిగ దాకా వచ్చినా ఆ మాట మాత్రం రాలేదు. నువ్వెత్తుతావేమోనని వీడు, నువ్వెత్తుతావేమోనని వాడు.

మోనిక మజ్జిగ గిన్నె కింద పెట్టేసింది.

‘‘ఇద్దరూ ఈడనే ఉండారు కదా. ఇప్పుడు చెప్పండి. నా సంగతి ఏంది?’’

పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. గుణశేఖర్ గొంతు సవరించుకుని, ‘‘సిస్టర్, ఇది సమయం కాదేమో...’’ అన్నాడు. వరదయ్య మొహం కందగడ్డ అయిపోయింది.

‘‘నలుగురి ముందర నా పరువు తీస్తావా పాపా?’’

‘‘నలుగురి ముందరే కదా నాయనా నన్ను లేపి నిలబెట్టింది, ప్రతి యేడూ!’’

వరదయ్య విస్తరి మడిచి లేచిపోయాడు. జయచంద్ర ఆయన వెంట పరుగెత్తాడు. దూరంగా కూర్చున్న గిరిప్రసాద్ ఒక్కడే తలెత్తి ఆమెనే చూస్తున్నాడు.

ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ. మోనిక తెలుగు చేసిన యెఫ్తా అధ్యాయం అచ్చు ప్రతి వచ్చింది. పండితుల మాటలు పూర్తిగా ఎగిరిపోయాయి. ఆమె ఆ రోజే తిరుపతి పోయి ఎడిటర్ను నిలదీసింది.

‘‘బాగా రాసినారమ్మా, నేను కాదనడం లేదు’’ అన్నాడాయన నిమ్మకు నీరెత్తినట్టు. ‘‘ఒకే వచనానికి ఇన్ని అర్థాలంటే మన విశ్వాసులు తికమకపడతారు. దేవుని వాక్యం ఒకటే కదా.’’

‘‘తికమకపడకుండా ఉంటే ఏం చేస్తారో తెలుసా సార్? బిడ్డల్ని మొక్కేస్తారు.’’

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. ఆమె సాయంకాలం దాకా కదలకుండా కూర్చుంది. విసిగిపోయి ఆయన చివరికి ఒక్క వాక్యం ఉంచడానికి ఒప్పుకున్నాడు, ‘కొందరు పండితులు ఈమె చనిపోలేదని భావించారు’ అని. ఏ పండితులు, ఎందుకు భావించారు, ఆ అక్షరం ఏమిటి, మొక్కు ఎందుకు చెల్లదు, ఏమీ లేదు. అన్ని నెలల పనికి మిగిలింది అది.

తిరుగు బస్సులో పూతలపట్టు దాటేసరికి మోనిక ఒక నిర్ణయానికి వచ్చింది. విడిపించేవాళ్ళ కోసం యెఫ్తా కూతురు కొండల మీద ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. తాను ఎదురుచూడడం మానేస్తుంది. గిరిప్రసాద్‌కు ఫోన్ చేసి, ‘‘రిజిస్ట్రాఫీసులో చేసుకుందాం’’ అంది.

‘‘మీ తమ్ముడి సంగతి?’’

‘‘నేనే చెప్తాను వాడికి.’’

చెప్పింది. జయచంద్ర తేదీ రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. ‘‘నేను వస్తానక్కా, సాక్షి సంతకం నేనే పెడతా’’ అన్నాడు చివరికి. అన్నట్టే వచ్చాడు. చాందిని రాలేదు. వరదయ్య రాలేదు. చర్చి వెనక గది ఖాళీ చెయ్యమని సంఘం పెద్దలు మర్యాదగానే చెప్పారు. మోనిక, గిరిప్రసాద్ చిత్తూరులోనే గ్రీమ్స్‌పేటలో చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మగా చేరింది.

* * *

వానలు మొదలవగానే శ్రీసిటీ వైపు డెంగీ వచ్చింది. జయచంద్రకూ వచ్చింది.

మోనికకు మొదట ఫోన్ చేసింది చాందిని. ‘‘చెప్పినా కదా వదినా’’ అని ఒక్క మాట అని ఏడుస్తూ పెట్టేసింది. ఆ తర్వాత ఎవరెవరో చేశారు, ఎన్నడూ పలకరించని చుట్టాలు కూడా. అందరూ జ్వరం ఎలా ఉందని అడిగి, ‘‘అంతా దేవుని చిత్తం’’ అని ఒక్క క్షణం ఆగి పెట్టేసేవారు. ఆ ఆగడంలో ఏముందో మోనికకు తెలుసు. ఆ ఫ్యాక్టరీలో సగం మంది మంచాన పడ్డారు. వాళ్ళందరి అక్కలూ మొక్కులు తప్పారా అని గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అయినా ఆసుపత్రిలో తమ్ముడి ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని విన్నప్పుడు, ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, ఆమెకు కూడా అనిపించింది, ఒకవేళ నిజమేనేమోనని. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

జయచంద్ర కోలుకున్నాడు. అందరూ కోలుకున్నట్టే, సెలైన్లతో, బొప్పాయి ఆకు రసంతో, విశ్రాంతితో. మంచం మీద లేచి కూర్చున్న రోజున అక్కకు ఫోన్ చేసి, నీరసంగా నవ్వుతూ, ‘‘అక్కా, నేను సావలేదు చూడు’’ అన్నాడు. ఆ నవ్వులో వాడికి చిన్నప్పటినుంచీ ఉన్న బరువు ఏదో కాస్త దిగినట్టు అనిపించింది. మోనిక చాలాసేపు ఏడ్చింది.

ఆ సంతోషం కూడా నిలవనివ్వలేదు వరదయ్య. ‘‘నేను మళ్ళీ మొక్కుకున్నా. అందుకే నా కొడుకు లేచినాడు’’ అని ఆయన అందరికీ చెబుతున్నాడని చాందిని ఫోన్ చేసింది. గొంతులో కంగారు. ‘‘ఏం మొక్కినాడో చెప్పడం లేదు వదినా. మా పాపను గాని...’’

మోనిక బడికి సెలవు పెట్టి పుత్తూరు పరుగెత్తింది. వసారాలో అడుగు పెడుతూనే అడిగింది, ‘‘ఈ తూరి ఎవుర్ని ఇచ్చినావు నాయనా?’’

‘‘అది దేవునికీ నాకూ మధ్యలో సంగతి.’’

‘‘కాదు! నువ్వు చెప్పిందాక నేను ఈడనుంచి కదల్ను. ఆ పసిబిడ్డనిచ్చినావా?’’

వరదయ్య దెబ్బ తిన్నట్టు చూశాడు. ‘‘చీ, నేనెందుకిస్తా ఆ బిడ్డను? నేనట్లా మనిషినా?’’

మోనిక ఆయన ఎదురుగా చతికిలబడింది. వరదయ్య తల దించుకుని గొణిగాడు. ‘‘నీ ఇంట్లో నీ చేత్తో వండింది జల్మలో తిననని మొక్కుకున్నా.’’

ఆమెకు నవ్వాలో అరవాలో తెలియలేదు. ఆయనకు కూతురి చేతి చింతపండు పులిహోర అంటే ఎంత ఇష్టమో ఆమెకు తెలుసు. మొత్తానికి ఈసారి ఇచ్చింది ఆయన సొంతమే.

ఆ తర్వాత విచిత్రంగా వరదయ్య చిత్తూరు రావడం మొదలుపెట్టాడు. కంటి డాక్టరు దగ్గరికని చెప్పేవాడు. ఏ కంటికేమైందో చెప్పేవాడు కాదు. చేతిలో క్యారియరు. కూతురి ఇంటి వసారాలో కూర్చుని, తాను పుత్తూరు నుంచి తెచ్చుకున్న చల్లారిన ఇడ్లీలు తాను తినేవాడు. లోపల పులిహోర వాసన ఘుమఘుమలాడుతుంటే మొహం అటు తిప్పుకునేవాడు. మోనికకు అరికాలి మంట నెత్తికెక్కేది.

మళ్ళీ మామిడి కాలం వచ్చాక ఒక రోజు ఆమె ఊరుకోలేక ఎదురుగా కూర్చుంది. ‘‘నాయనా, మొక్కు తప్పుగా మొక్కినానని మనిషికి అనిపిస్తే, ముగ్గురి ముందర కూర్చుని ఆ మాట చెప్పుకుంటే సాలంట. ఆ ముగ్గురూ నీ మొక్కు తీసేసినామంటే తీరిపోతాదంట. పండితులే కానక్కర్లేదు. ఆ యూదు పెద్దలే చెప్పినారు. ఈడ నేనుండా, ఆయనుండాడు, పక్కింట్లో దిల్షాద్ బీ ఉండాది. పిలుస్తా, చెప్పు.’’

‘‘తప్పు మొక్కినానని నేను యాడ అనినా?’’ అన్నాడు వరదయ్య.

గిరిప్రసాద్ లోపల నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

‘‘నీళ్ళు ఇయ్యి పాపా.’’

‘‘నీళ్ళు తాగొచ్చా మరి?’’

‘‘వండింది తిననంటి. నీళ్ళెవురైనా వండుతారా?’’

మోనిక చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన గటగటా తాగేశాడు. ఆ మాట పట్టుకుని ఆమె లోపలికి పోయి, గిరిప్రసాద్ తెచ్చిన పండ్లలోంచి మాగిన బేనీషా మామిడి ఒకటి కోసి, ముక్కలు పళ్ళెంలో పెట్టి ముందుంచింది.

‘‘మామిడిపండు కూడా ఎవురూ వండరు నాయనా.’’

వరదయ్య పళ్ళెం వైపు చూశాడు. చెయ్యి కొంచెం ముందుకు కదిలింది. ముక్క మీది దాకా పోయింది. ఆగింది. వెనక్కి తీసుకున్నాడు.

‘‘మా పుత్తూరు పాస్టర్ని అడిగి చెప్తాలే’’ అన్నాడు.

మోనిక పళ్ళెం లాక్కుని లోపలికి పోయింది.